ఓటు లేని దీవికి చీకటే దిక్కా?

2017 సెప్టెంబర్ 20న మరియా తుపాను ప్యూర్టోరికోను ఊడ్చేసింది. దాదాపు 15 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. చివరి ఇళ్లకు లైన్లు చేరేసరికి 2018 ఆగస్టు వచ్చింది. పదకొండు నెలలు! అదే సెప్టెంబర్‌లో ఇర్మా తుపాను ఫ్లోరిడాను కొడితే, అక్కడి అతిపెద్ద విద్యుత్ కంపెనీ 44 లక్షల మందికి పది రోజుల్లో కరెంటు ఇచ్చింది.

చుట్టూ సముద్రం అన్నారు ట్రంప్. సముద్రం అడ్డమే, కాదనం. కానీ అంతకన్నా పెద్ద అడ్డం ఇంకోటి ఉంది. 1898 నుంచి అమెరికా ఏలుబడి, 1917 నుంచి అమెరికా పౌరసత్వం. అయినా దీవిలో ఉన్నంత కాలం అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఓటు లేదు. కాంగ్రెస్‌లో ఉన్న ఒక్క ప్రతినిధికీ బిల్లు మీద ఆఖరి ఓటు లేదు. ఫ్లోరిడా ఓట్లతో అధ్యక్షులే మారతారు. ఎవరి ఫైలు ముందు కదులుతుందో వేరే చెప్పాల్నా?

దీవి పాలకులను వెనకేసుకురావాల్సిన పని మాకు లేదు. 900 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసిన సర్కారీ విద్యుత్ సంస్థే, తుపాను నాటికి ఇద్దరే ఉద్యోగులున్న వైట్‌ఫిష్ కంపెనీకి 30 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చింది. గోల లేచాకే రద్దయింది. ఇతర రాష్ట్రాల లైన్‌మెన్లను పంపమని అడిగిందీ అక్టోబర్ ఆఖరుకే. చచ్చింది 64 మందే అని నెలల తరబడి బుకాయించిన సర్కారు, 2018 ఆగస్టులో 2,975 అని ఒప్పుకుంది.

ఇక కేంద్రం సాయం సంగతి. విపత్తుకు ముందు ఎట్లుందో అట్లే కట్టడానికి పైసలు ఇస్తామనేది పాత రూలు. అంటే కుళ్లిన స్తంభం జాగాలో మళ్లీ అదే రకం స్తంభమన్నమాట! 2018లో కాంగ్రెస్ దాన్ని సడలించింది. 2020 సెప్టెంబర్‌లో, సరిగ్గా అధ్యక్ష ఎన్నికలకు నెలన్నర ముందు, గ్రిడ్‌కు 960 కోట్ల డాలర్లు ప్రకటించారు. ప్రకటన వేరు, పైసలు వేరు. ప్రతి పనికీ ఫెమా ఆమోదం కావాలి. 2022 సెప్టెంబర్‌లో ఫియోనా తుపాను వచ్చి దీవి మొత్తాన్ని మళ్లీ చీకటి చేసేనాటికి ఆ సొమ్ములో పెద్ద భాగం ఖర్చే కాలేదు.

ఉద్యోగ మిత్రులు ఇది గమనించాలి. 2021 జూన్ 1న లైన్లన్నీ లూమా అనే ప్రైవేటు కంపెనీ చేతికి పోయినయ్. ఆ లైన్లు ఎరిగిన వేలమంది సిబ్బందిని ఇతర సర్కారీ శాఖలకు సర్దేశారు. స్తంభం ఎక్కడం తెలిసినోళ్లకు ఆఫీసు కుర్చీలా?

అద్‌హుంతాస్ అనే కొండ ఊరిలో మాత్రం మరియా తర్వాత కాసా పుయెబ్లో అనే జనసంఘం భవనంలో దీపాలు ఆరలేదు. కప్పు మీద సోలార్ పలకలున్నాయి. రోగులు వైద్య పరికరాలు తెచ్చి అక్కడే చార్జింగ్ పెట్టుకున్నారు. అలాంటి పలకలు క్లినిక్‌లకు, పేదల ఇళ్లకు పెట్టేందుకు ఉంచిన 36.5 కోట్ల డాలర్లను 2025 మేలో వాషింగ్టన్ వేరే గ్రిడ్ పనులకు మళ్లించింది. అంతకు నెల ముందే, ఏప్రిల్ 16న, దీవి మొత్తం మరోసారి చీకట్లో మునిగింది. గ్రిడ్ కూలినా క్లినిక్‌లో కరెంటు ఉండాలనే కదా ఆ పైసలు పక్కన పెట్టింది! వాటిని వాటికే తిరిగి ఇవ్వాలి.