చేయి కోలుకొనిన తరువాత

పక్షవాతము తగిలిన మనుష్యుని ప్రాణము వైద్యుడు కాపాడును. రోగి యిల్లు చేరును. బంధువులు దేవునికి దండము పెట్టుకొందురు. మరునాడు విస్తరి ముందు కూర్చుండి, అన్నము కలుపుకొనలేక ఆతడు కంట నీరు పెట్టుకొనును. చొక్కా గుండీ పెట్టుకొనలేడు, చెంబెత్తలేడు. ఇక మిగిలినది కర్మమని ఎంతకాలము సరిపెట్టుకొందుము? ఆ మిగిలిన దానికొక శాస్త్రము కలదు. దానినే ఆక్యుపేషనల్ థెరపీ యందురు.

'వృత్తి చికిత్స' యని దీనిని తెనిగించినవారు మేలుకంటె కీడే చేసిరేమో యని మా సందేహము. ఆ పేరు విని, ఇది బుట్టలల్లుట నేర్పు చదువని తలచు విద్యావంతులును కలరు. మనుష్యుడు లేచినది మొదలు చేయు ప్రతి పనియు ఈ శాస్త్రమునకు వృత్తియే. శరీరనిర్మాణము, నాడీమండలము, మనస్తత్వము చదివి, వంకరవోయిన వ్రేళ్లకు బద్దలమర్చుట నేర్చి, రోగి ప్రక్కన నిలిచి అభ్యసింపవలసిన విద్య యిది. నాలుగేండ్లకు తక్కువ పట్టదు.

ఇది మనకు కొత్తదియు కాదు. అమెరికాలో పుట్టి భారతీయుని పెండ్లాడిన కమలా నింబ్కరుగారు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి పాఠశాల నెలకొల్పిరి. 1952లో ఈ వృత్తికి ప్రపంచ సమాఖ్యను స్థాపించిన 10 దేశములలో మనది యొకటి. అట్టి దేశమున ఈ వృత్తికి జాతీయ శాసనమున చోటు దొరకుటకు 2021 వరకు వేచియుండవలసి వచ్చినది! 2011 జనాభా లెక్కలలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు.

మన యువకులు వెల్లూరునకో మణిపాలునకో పోయి ఈ విద్య నేర్చుచున్నారు, సంతోషమే. కాని పాశ్చాత్యుల గ్రంథములు చెంచా పట్టుటను, కుర్చీ నుండి లేచుటను చెప్పును. మన రోగి యైదు వ్రేళ్లతో కలుపుకొని తినవలెను, పీటపై నుండి లేవవలెను, పంచె కుచ్చెళ్లు పోసికొనవలెను. ఇల్లాలు ముగ్గు వేయగలిగిననాడే తన చేయి తనకు వచ్చినదనుకొనును. బుద్ధి వికాసము మందగించిన బిడ్డ తల్లితో తెలుగుననే మాటాడవలెను. ఇది తెలిసినవాడు మన యింటివాడే కావలయును. అట్టివారికి జిల్లా ఆసుపత్రులలోను బడులలోను చాలినన్ని కొలువులు చూపక, పట్టభద్రులు విదేశములకు పోవుచున్నారని ప్రభుత్వములు వగచుట యేమి న్యాయము?

బిడ్డల నీ చదువునకు పంపదలచిన తండ్రులకొక మాట. రుసుము కట్టకముందే, ఆ కళాశాలకు రోగులు వచ్చు ఆసుపత్రి కలదో లేదో, దాని పట్టమునకు గుర్తింపు కలదో లేదో విచారింపుడు. బిడ్డ నొకదినము ఆ చికిత్సాశాలలో కూర్చుండనిండు. ఒక ముసలివాడు పావుగంట శ్రమించి ఒక గుండీ పెట్టుకొనుట చూచి విసుగు పుట్టినదో లేదో, సాయంకాలము అడిగి తెలిసికొనుడు.