తిరగరాయడం నేరం కాదు

‘చరిత్రను తిరగరాస్తున్నారు’ అన్న మాట మనకు తిట్టుగా స్థిరపడిపోయింది. కుడివారూ ఎడమవారూ ఎదుటివారి మీద దాన్నే విసురుతున్నారు. మొదట రాసిందే నిజం, తర్వాత మార్చినవాడు దొంగ అన్న నమ్మకం దాని వెనక ఉంది. ఈ నమ్మకం తప్పు. ఎంత తప్పో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతపు సంగతులే చెబుతాయి.

రేపల్లెకు దగ్గర్లోని భట్టిప్రోలునే తీసుకోండి. అక్కడి బౌద్ధ స్తూపం సామాను చాలావరకు రోడ్డు పనులకూ కాలువ పనులకూ తరలిపోయాక, 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ మిగిలినదాన్ని తవ్వించాడు. రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు భరిణె, ఎముక ముక్కలు, బంగారు పూలు బయటపడ్డాయి. రాతి భరిణెల మీద చెక్కిన అక్షరాలున్నాయి. లిపి పండితుడు బ్యూలర్ వాటిని చదివితే కుబిరకుడనే రాజు పేరు దొరికింది. పురాణాల రాజుల పట్టికల్లో ఆ పేరు లేదు. అశోకుడి శాసనాల్లో హల్లుకు ఏ గుర్తూ లేకపోతే ‘అ’కారం ఉన్నట్టే, ఇక్కడ ఆ ‘అ’కారానికీ విడిగా ఒక గీత పెట్టారు. ఉన్న చరిత్రను ముట్టుకోకూడదనుకుంటే ఈ రాజూ లేడు, ఈ రాతా లేదు. తెలుగువారి రాష్ట్రం కథను 1952 నాటి నిరాహారదీక్షతో మొదలుపెట్టేవారికి 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభను గుర్తుచేయడమూ ఇలాంటి సవరణే.

అయితే అదే భట్టిప్రోలు లిపి అశోకుడి కంటే ముందుదని గట్టిగా చెప్పేవారున్నారు. బ్యూలర్ దాన్ని క్రీ.పూ. 200 ప్రాంతానిదన్నాడు, తర్వాతి పండితుల్లో పలువురు క్రీ.పూ. రెండో శతాబ్దం వైపే మొగ్గారు. ఇంకా వెనక్కి జరపాలంటే ఊరి మీద అభిమానం చాలదు, కొత్త ఆధారం తేవాలి.

రాజకీయాల్లో ‘రివిజనిజం’, అంటే మూల సిద్ధాంతాన్ని మార్చేశారన్న నింద, సంగతి పూర్తిగా వేరు. 1964 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి నుంచి 32 మంది బయటికొచ్చారు. జూలైలో తెనాలిలో సదస్సు పెట్టుకున్నారు. పార్టీ అధ్యక్షుడు డాంగే నాయకత్వం కాంగ్రెస్ తోక పట్టుకుందని, అది రివిజనిజమని వారి ఆరోపణ. పుచ్చలపల్లి సుందరయ్య, రేపల్లె ప్రాంతంలో పుట్టిన మాకినేని బసవపున్నయ్య వారిలో ముఖ్యులు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1968లో, తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వేంకటేశ్వరరావు అలా ఏర్పడిన సీపీఎంను వదిలి, ఇదే నయా రివిజనిజమన్నారు. నిన్న వేసిన ముద్ర ఇవాళ తమ మీదే పడింది. ఎవరి వాదన సరైనదో తేల్చాలంటే భూమి గురించి, కూలి గురించి, ఎన్నికల గురించి మాట్లాడాలి. ‘మూలం నుంచి తప్పాడు’ అనడం దానికి జవాబు కాదు. కాలం మారితే సిద్ధాంతాన్ని సరిచూసుకోవడం కార్యకర్త హక్కు. ఆ హక్కును తిట్టుగా మార్చడం వల్ల పార్టీలు చీలిపోయాయే గాని పేదవాడికి ఒరిగిందేమీ లేదు.

కథల్లో, నాటకాల్లో మాత్రం నేను ఏ హద్దూ ఒప్పుకోను. తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుకవధ’ రాసి, రాముడి కత్తికి బలైన తపస్వి శంబుకుణ్ణి నడిమధ్యకు తెచ్చారు. పురాణాన్ని పాడుచేశాడని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఏం పాడైంది? వాల్మీకి రామాయణం ఎక్కడిదక్కడే ఉంది. పాఠకుడి చేతికి ఇంకో చూపు వచ్చింది. అయితే పీఠికల్లో ఆయన ఆర్యులు, ద్రావిడులు అంటూ దాన్ని చరిత్రగా వాదించినచోట మాత్రం భట్టిప్రోలు వారిని అడిగిందే ఆయన్నీ అడుగుతాను. నాటకానికి స్వేచ్ఛ చాలు, చరిత్రకు సాక్ష్యం కావాలి.

అన్నిటినీ ఒకే గాట కట్టేస్తే లాభపడేది ఎవరో చూడండి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర పుస్తకం నుంచి మొఘల్ దర్బారుల పాఠం తీసేసింది. విద్యార్థుల మీద భారం తగ్గించడానికన్నారు. కొత్త శాసనమేదో దొరికి ఆ పాఠం తప్పని తేలలేదు. అలాంటిదాన్ని తిరగరాయడం అనడమే దానికి లేని గౌరవం ఇవ్వడం. అది కోత. చరిత్ర చెప్పే మాస్టర్లను కోరేది ఒకటే: సిలబస్‌లో లేకపోయినా ఆ పాఠం చెప్పండి, దాంతోపాటు భట్టిప్రోలు భరిణెల మీది రాత గురించీ చెప్పండి.