ఊళ్లలో నిప్పుకు జవాబుదారీ ఎవరు?

ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఓడ పేలి ప్రాణాలు కోల్పోయిన అగ్నిమాపక సిబ్బందిని తలచుకుని, వారం రోజులపాటు పట్టణాల్లో కరపత్రాలు పంచుతారు, బడిపిల్లలకు మంట ఆర్పి చూపిస్తారు. 2025లో ఆ వారోత్సవాలకు సరిగ్గా ముందు రోజు, ఏప్రిల్ 13 ఆదివారం నాడు, మన అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది చనిపోయారు. అంతకు ముందు 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో మందుల ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది పోయారు.

రెండుసార్లూ పెద్దలు వచ్చారు, పరిహారం ప్రకటించారు, విచారణ అన్నారు. వచ్చినందుకు తప్పు పట్టడం లేదు. ప్రమాదానికి ముందు రావలసినవారు ఎవరన్నదే మా ప్రశ్న.

ఒక్కరైతే పేరు పెట్టి అడగవచ్చు. ఫ్యాక్టరీని ఫ్యాక్టరీల శాఖ చూడాలి. బాయిలరుకు వేరే అధికారి. బాణసంచా తయారీలో ఒకసారికి సరుకు 15 కిలోలు దాటకపోతే లైసెన్సు జిల్లా అధికారులు ఇస్తారు. దాటితే కేంద్రం వారి పేలుడు పదార్థాల సంస్థ ఇవ్వాలి, దాని ప్రధాన కార్యాలయం నాగపూరులో ఉన్నది. కరెంటు తీగలు విద్యుత్ వారివి. నిరభ్యంతర పత్రం అగ్నిమాపక శాఖది. ఇన్ని సంతకాలున్నా, జరగరానిది జరిగినప్పుడు ఒక శాఖ మరో శాఖ వైపు చూస్తుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టు ఉన్నది వ్యవహారం.

చట్టం కూడా ఊళ్లను చూసి రాసింది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన అగ్నిమాపక చట్టం నిరభ్యంతర పత్రానికి ఎత్తును కొలతగా పెట్టింది. వ్యాపార భవనమైతే 15 మీటర్లు, నివాస భవనమైతే 18 మీటర్లు. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం చేరే చోట్లకు 500 చదరపు మీటర్ల స్థలం లెక్క. మా ఊళ్లో 18 మీటర్ల ఎత్తున్నవి తాటిచెట్లు, సెల్ టవరు మాత్రమే! ఇక్కడ తగలబడేవి పూరిళ్లు, గడ్డివాములు, పశువుల పాకలు, బెల్లం గానుగల దగ్గర ఎండిన పిప్పి కుప్పలు.

కొన్నేళ్ల కిందట మా ఊళ్లో కోతకొచ్చిన చెరకు తోట మీద వేలాడే తీగలు గాలికి రాసుకుని నిప్పురవ్వలు రాలాయి. తీగలు కిందికి జారాయని రైతు అంతకు ముందే రెండుసార్లు వెళ్లి చెప్పుకున్నాడు. ఫైరింజను చేరేసరికి రెండెకరాలు బూడిద. సిబ్బంది పాపం పొగలో దగ్గుకుంటూ పక్క తోటను కాపాడారు, వారిని ఒక్క మాట అనడానికి లేదు. పల్లెలకు ఫైరింజను 20 నిమిషాల్లో చేరాలని జాతీయ అగ్నిమాపక సలహా మండలి ఎప్పుడో చెప్పింది. ఎండిన చెరకు ఆకుకు అంత ఓపిక ఉండదు. అందుకే ముందు తనిఖీ కావాలంటున్నాము.

ఇందులో పంచాయతీని పట్టుకుందామన్నా దారి లేదు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాల పనుల్లో అగ్నిమాపక సేవ ఉన్నది. పంచాయతీల కోసం పదకొండో షెడ్యూలులో రాసిన 29 అంశాల్లో ఆ మాటే లేదు.

పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసు మీద అగ్నిమాపక శాఖల ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకం పెట్టింది. బండ్లు, స్టేషన్లు రావలసిందే. దానితోపాటు రాష్ట్ర ప్రభుత్వం వారు ఈ అజమాయిషీని కూడా సరిచేయాలి. మంటలు ఆర్పే సిబ్బందే ఎండాకాలంలో పరుగులు పెడుతూ తనిఖీలు కూడా చేయాలంటే అయ్యే పని కాదు. తనిఖీకి వేరే విభాగం ఉండాలి. రెండు మూడు మండలాలకు ఒక అధికారిని నియమించి, బాణసంచా షెడ్డు, రైసు మిల్లు, గానుగ, ఫంక్షన్ హాలు, జారిన తీగలు అన్నీ అతనికే అప్పగించాలి. ప్రమాదమని తోస్తే అప్పటికప్పుడు పని ఆపించే అధికారం అతనికి ఇవ్వాలి. తర్వాత ఏ శాఖ ఏం చేసిందో అడగవలసింది కూడా అతనే.

ఇంకో అధికారి వస్తే ఇంకో చెయ్యి తడపాలి కదా అని మా టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అన్నాడు. కొట్టిపారేయవలసిన మాట కాదది. అందుకే తనిఖీ కాగితం ఫైలులో ఉండకూడదు. ఏ తేదీన ఎవరు చూశారు, ఏం లోపం రాశారు, ఎప్పటిలోగా సరిచేయమన్నారు అన్నది గ్రామ సచివాలయం బోర్డు మీద అంటించాలి. ఆ షెడ్డులో కూలికి వెళ్లే ఆడవాళ్లు దాన్ని చదువుకోగలగాలి, చదువు రాకపోతే పిల్లల చేత చదివించుకోగలగాలి.

అగ్నిమాపక శాఖ హోం శాఖ కింద ఉన్నది. 2025లో హోం మంత్రిగా ఉన్నవారి సొంత నియోజకవర్గం పాయకరావుపేటలోదే కోటవురట్ల మండలం. కనుక ఊళ్ల పరిస్థితి పైవారికి తెలియదని అనుకోలేము.

వచ్చే ఏప్రిల్ వారోత్సవాలకు ఫైరింజనును ఒక్కో ఊరికీ ఒక పూట పంపితే బాగుంటుంది. ఎక్కడ మలుపు తిరగదో, ఎక్కడ నీళ్లు నింపుకోవచ్చో అప్పుడే తెలుస్తుంది. మా చెరువులో నీళ్లున్నాయి గానీ, గట్టు మీదికి బండి ఎక్కే దారి లేదు.