పంటి పూత పేదవానికి దక్కవలదా?

పంటిపై పింగాణి యొకసారి కరగినచో మరల మొలవదు. నోటిలో పీహెచ్ సుమారు 5.5 కంటె దిగినంతనే యది కరగసాగును. కోలా పానీయముల పీహెచ్ 2.5 ప్రాంతముననే యున్నది. అట్టి సీసాలు నేడు పల్లెలలో సైతము అమ్ముడగుచున్నవి!

లండనులోని ప్రభుత్వ ప్రయోగశాలకు చెందిన విల్సన్, కెంట్ గారలు 1972లో గ్లాస్ అయానమర్ సిమెంటును లోకమునకు వెల్లడించిరి. అది పంటి నంటుకొని ఫ్లోరైడు నొసగును. కాని పులుపునకు తానును అరిగిపోవును. అంతకంటె గట్టి పూత కావలయును.

ఆ పరిశోధనమును లాభమే పరమార్థముగా గల వర్తకులకేల విడువవలెను? అచట సర్కారు కొలువున సాధ్యమైనది మన ప్రభుత్వ ప్రయోగశాలలలో నేల కాదు? కరగించు పానీయము బీదవానికి, కాపాడు పూత ధనికునికి! ఇదియేనా న్యాయమని మేము ప్రశ్నించుచున్నాము. ఆ పానీయములపై వచ్చు పన్నులో కొంత చౌకపూత పరిశోధనమునకు కేటాయింపుడు!