కారు అద్దాలకు ఫిల్మ్ - కొలత లేని జరిమానా



ఎండలు ముదిరినవంటే మా కోలారు జిల్లాలో శ్రీనివాసపురం మామిడికాయలతోపాటు మరొక వ్యాపారము కూడ ముమ్మరమగుచున్నది. అది కారు అద్దాలకు సన్ ఫిల్మ్ అంటించు వ్యాపారము. అంటించువారు "ఇది చట్టము ఒప్పుకొన్న ఫిల్మే, భయము లేదు" అని ధైర్యము చెప్పుదురు. నెల తిరుగకుండ రోడ్డుమీద కారు నాపి, జరిమానా వ్రాసి, ఆ ఫిల్మును అక్కడికక్కడే పీకించుచున్నారు. ఈ రెంటి నడుమ నలిగిపోవువాడు అద్దెకారు డ్రైవరు. అతని పక్షమున నాలుగు మాటలు తమ పత్రిక ద్వారా అధికారులకు విన్నవించుకొనుచున్నాను.

మా కె.జి.ఎఫ్.లో బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అప్పటినుండి ఇక్కడి కుటుంబాలు చాలవరకు బెంగుళూరు రైలునే నమ్ముకొని బ్రతుకుచున్నవి. కొందరు టాక్సీ స్టీరింగు పట్టినారు. వీరి తాతలు ఛాంపియన్ రీఫ్ గనిలో, భూమికి మూడు కిలోమీటర్ల లోతున, అరవై డిగ్రీలు దాటిన రాతి నడుమ పనిచేసినవారు. ఆ వేడిలో మనిషి పనిచేయలేడని తెలిసియే గనుల యాజమాన్యము పైన యంత్రములతో గాలిని చల్లార్చి లోపలికి పంపినది. పనిచేయువాని ఒంటికి తగులు వేడి యజమానికి, ప్రభుత్వమునకు కూడ పట్టవలసిన విషయమే యని ఆనాడే తేలినది. రోజుకు పదిపండ్రెండు గంటలు అద్దము ప్రక్కన కూర్చుండు డ్రైవరు విషయములో మాత్రము దీనిని విలాసముగా ఎందుకు ఎంచవలెను?

మొదట ఫిల్మును గురించిన ఒక భ్రమను తొలగించవలెను. ఎంత నల్లగా ఉన్న అంత చల్లన అని జనము నమ్మకము. అది సరికాదు. సూర్యుని నుండి వచ్చు శక్తిలో దాదాపు సగము కంటికి కనబడని పరారుణ కిరణములదే. రంగు వేసిన చవక ఫిల్ము వెలుతురును ఆపును గాని, తాను పీల్చుకొన్న వేడిలో కొంత మరల కారు లోపలికే వదలును. సిరామిక్ కణములతో చేసిన మేలురకపు ఫిల్ము చూచుటకు దాదాపు మామూలు అద్దము వలెనే ఉండి, పరారుణమును చాలవరకు ఆపగలదు. కనుక నల్లదనమునకు డబ్బిచ్చువాడు చీకటిని కొనుచున్నాడే గాని చల్లదనమును కాదు. ముందు అద్దములో రెండు గాజుపలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉండును; అది అతినీలలోహిత కిరణములను చాలవరకు ఆపును. ప్రక్క అద్దములకు సాధారణముగా ఆ పొర లేదు. డ్రైవరు కుడిచేయి ఎడమచేతికంటె నల్లబడుట ఇందువలననే.

ఫిల్ము ఉన్నదిగదా యని నిలిపిన కారులో పిల్లలను వదలి వెళ్లు తల్లిదండ్రులకు కూడ ఒక హెచ్చరిక. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు కొలిచి చూడగా, ఎండలో మూసి నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగినది. అందులో అధికభాగము మొదటి అరగంటలోనే. ఏ ఫిల్మూ అంతటి వేడి నుండి బిడ్డను కాపాడజాలదు.

ఇక చట్టము. 1989 కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో నూరవ నిబంధన ప్రకారము ముందు, వెనుక అద్దముల గుండా నూటికి 70 వంతులు, ప్రక్క అద్దముల గుండా 50 వంతులు వెలుతురు పోవలెను. నల్ల అద్దముల చాటున నేరములు జరుగుచున్నవన్న ఫిర్యాదుపై సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న, ఎంత వెలుతురు వదలునదైనను, పైన అంటించు ఫిల్ము కూడదని తీర్పు చెప్పినది. తరువాత ఆ నిబంధననే సవరించినారు. 2021 ఏప్రిల్ 1 నుండి "సేఫ్టీ గ్లాస్" అను మాట ప్రక్కన "సేఫ్టీ గ్లేజింగ్" అను మాట చేరినది. దానిని ఆధారము చేసికొని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ప్రమాణములకు లోబడిన ఫిల్ము అంటించినందుకు జరిమానా వేయరాదన్నది. ఆ తీర్పు మా కర్ణాటక పోలీసులను కట్టివేయదు. అందుచే పోలీసుల చేతిలో 2012, దుకాణదారుల నోట 2024!

దుకాణదారులు చెప్పని లెక్క మరొకటి ఉన్నది. మా బంధువొకడు టాక్సీ నడుపును. నిరుడు వేసవిలో ఒక దుకాణమువారు "చట్టము 50 అన్నది, ఇది 50 ఫిల్మే" అని అతనికి అంటగట్టినారు. కాని అద్దము తానే కొంత వెలుతురును ఆపును గదా! అద్దము 75 వంతులు వదలునదైతే, దానిపై 50 ఫిల్ము వేయగా లోపలికి చేరునది 37½ వంతులే. 70 ఫిల్మైతే 52½ వచ్చి గట్టెక్కును. అటువంటి ముందు అద్దమునకు 90 ఫిల్ము అంటించినను 67½కు దిగి నిబంధన తప్పును. అతడు జరిమానా కట్టినాడు, ఫిల్ము పోయినది. దుకాణమువారు మాత్రము పైకము తిరిగి ఇయ్యలేదు. ఆపిన ఉద్యోగి వద్ద కొలిచే పరికరమూ లేదు. మండుటెండలో నిలబడి చూచిన, నీడగా ఉన్న కారు లోపలి భాగము మామూలు అద్దము గుండా కూడ నల్లగానే కనబడును. కన్ను కొలబద్ద కాదు.

కారులోని మనిషి ముఖము బయటికి కనబడవలెనను వాదము న్యాయమైనదే. రాత్రివేళ ముళబాగిలు హైవేమీద ప్రక్కనుండి అడ్డము వచ్చు పశువును, పాదచారిని చూడలేని డ్రైవరు అందరికీ ప్రమాదమే. నల్ల ఫిల్మును నిర్దాక్షిణ్యముగా పీకవలసినదే. కాని దేనినీ దాచని తేట ఫిల్మును కూడ దానితో జతకట్టి శిక్షించుట వలన ఎవరికి రక్షణ?

కావున నా మనవి మూడు. ఒకటి: ఏది చెల్లునో, ఏది చెల్లదో రవాణాశాఖవారు కన్నడ, తెలుగు, తమిళములలో ఒక్క కాగితముపై ప్రకటించి ప్రతి టాక్సీ స్టాండులో అంటించవలెను. రెండు: వెలుతురు కొలిచే పరికరము లేనిదే జరిమానా వేయరాదు, కొలత ఎంతయో రసీదులో వ్రాయవలెను. మూడు: ఫిల్ము అంటించిన దుకాణదారు, అద్దముతో కలిపి ఎంత వెలుతురు పోవుచున్నదో కొలిచి బిల్లులో వ్రాసి ఇయ్యవలెను, అది తప్పైతే జరిమానా అతడే భరించవలెను.

అంతవరకు డ్రైవరు సోదరులు డబ్బు పారవేసికొనక, నిలిపినపుడు ముందు అద్దమునకు తెర వేసి, బయలుదేరుటకు ముందు నిమిషముపాటు తలుపులు తెరచి వేడిని పోనిచ్చుట మేలు. పురపాలకులు స్టాండుల వద్ద నాలుగు వేప, కానుగ మొక్కలు నాటించిన ఏ కోర్టు తీర్పూ అక్కరలేని నీడ దొరకును.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆండర్సన్‌పేట, కె.జి.ఎఫ్.