మందుకు ముందు మంటను చూడండి

"గ్యాసు పొయ్యి మీద కాచిన కషాయానికి గుణం ఉంటుందా?" అన్న ప్రశ్న ఆయుర్వేదాభిమానుల మధ్య తరచు వినిపిస్తూ ఉంటుంది. గ్యాసు మంటకు ఔషధశక్తి నశిస్తుందని కొందరంటారు. గ్యాసు మీద వండిన అన్నం తింటే కడుపులో గ్యాసు చేరుతుందనేవారు కూడా ఉన్నారు. మాటల పోలిక తప్ప ఈ రెండవ అభిప్రాయానికి ఆధారమేదీ లేదు. మొదటి ప్రశ్న మాత్రం ఆలోచించదగినదే. నా అభిప్రాయాన్ని ముందుగానే మనవి చేస్తాను. దోషం గ్యాసుది కాదు. గ్యాసును మంటగా మార్చే బర్నరుది, ఆ బర్నరు వైపు కన్నెత్తి చూడని మనది. ఇది కషాయానికే కాదు, కషాయం కాచేవారి ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదువుకుని, ముప్పయి సంవత్సరాలు ఆ శాస్త్రాన్నే విద్యార్థులకు బోధించి, ప్రస్తుతం హబ్సిగూడలో విశ్రాంత జీవితం గడుపుతున్నాను. మా ఇంటి నుండి తార్నాక వైపు నడిస్తే దారిలో భూభౌతిక పరిశోధన సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ, కణజీవశాస్త్ర కేంద్రం కనిపిస్తాయి; తార్నాక దాటితే జాతీయ పోషకాహార సంస్థ, విశ్వవిద్యాలయ ప్రాంగణం. ఇన్ని విజ్ఞాన సంస్థల నడుమ నివసిస్తూ కూడా నా వంటింట్లోని మంటను నేను సరిగా చూడలేకపోయాను. ఆ కథ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా పాఠకులకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

తలనొప్పి చెప్పిన పాఠం

రెండు సంవత్సరాల క్రితం మా అమ్మాయి కుటుంబం ముంబయి నుండి తిరిగి వస్తూ, తమ స్టవ్వును మాకు ఇచ్చింది. చూడముచ్చటైన గాజుపలక స్టవ్వు. పనివాడొకడు వచ్చి దానికి సిలిండరు గొట్టం తగిలించి, వెలిగించి చూపించి వెళ్లాడు. అది పుష్యమాసం. చలికి వంటింటి కిటికీ మూసి ఉంచేవాళ్లం. మా శ్రీమతి ఏటా ఆ రోజుల్లో మోకాళ్ల నొప్పులకు తైలం కాచి బంధువులకు పంచుతుంది. ఆ పనికి గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడాలి.

వారం తిరగకుండా ఆమెకు ప్రతి మధ్యాహ్నమూ తలనొప్పి మొదలైంది. శొంఠి గంధం పట్టు వేశాము. ధనియాల కషాయం ఇచ్చాము. పైత్యమనుకుని ఆహారం మార్చాము. కళ్లజోడు పాతదైందేమోనని వైద్యుని దగ్గరకు కూడా వెళ్లాము. ఒకనాడు ఆమే అన్నది: "ఏమండీ, వాకిట్లో కూర్చుంటే అరగంటలో తగ్గిపోతోంది. పొయ్యి దగ్గరికి వెళితే మళ్లీ మొదలవుతోంది. నాకు మందు కాదేమో కావలసింది."

అప్పుడు వెళ్లి మంటను చూశాను. నీలంగా ఉండవలసిన మంట పచ్చని నాలుకలు చాపి ఇత్తడి గిన్నె అంచులను నాకుతోంది. గిన్నె అడుగున చేతికంటే మసి. సిమ్‌లో పెట్టినా మంట తగ్గదు. తైలం అప్పటికే రెండు సార్లు మాడిపోయింది. ప్రతి సంవత్సరం కొత్త విద్యార్థులకు బున్సెన్ బర్నరు ముందు నిలబడి, "పచ్చని మంట అంటే గాలి చాలని మంట" అని చెప్పినవాణ్ణి నేనే!

కారణం తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముంబయిలో ఆ స్టవ్వు పైపు గ్యాసుతో పనిచేసింది. పైపులో వచ్చేది ప్రధానంగా మీథేను. సిలిండరులోనిది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. ఒకే ఘనపరిమాణంలో తీసుకుంటే మీథేనుకు సిలిండరు గ్యాసులో సుమారు మూడవ వంతు వేడి మాత్రమే ఉంటుంది. అందుకని పైపు గ్యాసుకు స్టవ్వులోని జెట్టు రంధ్రాన్ని పెద్దది చేస్తారు. ఆ పెద్ద రంధ్రాన్ని మార్చకుండానే సిలిండరు తగిలిస్తే గ్యాసు మోతాదు మించి వస్తుంది, గాలి చాలదు. ఒక పాలు మీథేను పూర్తిగా కాలడానికి పది పాళ్ల గాలి సరిపోతుంది. ప్రొపేనుకు సుమారు 24 పాళ్లు, బ్యూటేనుకు సుమారు 31 పాళ్లు కావాలి. గాలి చాలనప్పుడు బొగ్గుపులుసు వాయువుకు బదులు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నీరసం దాని తొలి లక్షణాలు. మోతాదు పెరిగితే స్పృహ తప్పుతుంది, ప్రాణం పోతుంది.

జెట్లు మార్పించాము, కిటికీ తెరిచాము. ఆనాటి నుండి ఆమెకు ఆ తలనొప్పి రాలేదు. రక్తపరీక్ష చేయించలేదు గనుక రుజువు చేశానని నేననను. కానీ రోగకారణాన్ని తొలగించడమే మొదటి చికిత్స అని ఆయుర్వేదం చెబుతుంది. నిదాన పరివర్జనం అన్న ఆ మాటను ఎన్నోసార్లు చదివి కూడా, కారణం ఎదురుగా మండుతుండగా మేము పట్టు వేస్తూ కూర్చున్నాము.

బర్నరు లోపల జరిగేది

1855లో జర్మనీలోని హైడెల్బర్గులో రాబర్టు బున్సెన్ తన ప్రయోగశాల కోసం, పీటర్ డెసాగా అనే పనిముట్ల నిపుణుని సహాయంతో ఒక బర్నరు తయారు చేయించాడు. అంతకు ముందు గ్యాసును నేరుగా వెలిగించేవారు. మంట వెలుగునిచ్చేది గాని మసి పట్టించేది. గ్యాసు వెలగక ముందే దానిలో గాలిని కలపడం బున్సెన్ బర్నరులోని కీలకం. మన వంటింటి స్టవ్వు దాని సంతతే.

స్టవ్వు మర తిప్పగానే గ్యాసు సన్నని జెట్టు నుండి వేగంగా దూసుకు వస్తుంది. ఆ వేగమే పక్కనున్న గాలిని లోపలికి లాక్కుంటుంది. రెండూ గొట్టంలో కలిసి, బర్నరు మూతలోని రంధ్రాల గుండా బయటికి వచ్చి మండుతాయి. చాలని గాలిని మంట తన చుట్టూ ఉన్న గదిలో నుండి తీసుకుంటుంది. జెట్టు రంధ్రం, గొట్టం వెడల్పు, మూతలోని రంధ్రాల సంఖ్య, వాటి పరిమాణం ఒకదానికొకటి కుదరాలి. మిశ్రమం వచ్చే వేగం మంట కాలే వేగాన్ని మించితే మంట రంధ్రాలను విడిచి పైకి ఎగురుతుంది. తగ్గితే టప్పుమని లోపలికి పోతుంది. బర్నరు రూపకల్పన అంటే ఈ రెంటి నడుమ మంటను నిలబెట్టడమే.

ఏ గ్యాసుకు ఆ బర్నరు కావాలి. తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థలో, అది ప్రాంతీయ పరిశోధనాశాలగా ఉన్న రోజుల్లోనే, బొగ్గును వాయువుగా మార్చడంపై పెద్ద కృషి జరిగింది. రోజుకు 24 టన్నుల బొగ్గును మార్చే ప్రయోగ కర్మాగారమే అక్కడ ఉండేది. అటువంటి వాయువులో హైడ్రోజను, కార్బన్ మోనాక్సైడు ఉంటాయి. అది తక్కువ గాలితో, ఎక్కువ వేగంతో కాలుతుంది. దానిని మన వంట స్టవ్వుకు కలిపితే మంట సరిగా నిలవదు.

కొలిమి నేర్పేది

మన రసశాస్త్రకారులకు అగ్ని భేదాలు బాగా తెలుసు. రసరత్నసముచ్చయంలో కోష్ఠులనబడే కొలుములు, పుటాలు వర్ణింపబడ్డాయి; గొయ్యి కొలతతో, పిడకల లెక్కతో వేడిని నిర్ణయించారు. రససిందూరం చేసేటప్పుడు ఇసుక నింపిన వాలుకాయంత్రంలో గాజుకుప్పెను నిలిపి, మృదు, మధ్య, తీవ్రాగ్నులను వరుసగా ఇస్తారు. మందు ఎంత ముఖ్యమో మంట క్రమమూ అంత ముఖ్యమని దీని భావం.

నేటి గ్యాసు కొలుముల్లో ఫ్యానుతో గాలిని బలవంతంగా పంపుతారు. అక్కడ నిపుణులు పాటించే నియమం ఒకటి ఉంది: మంట పూర్తిగా కాలడానికి చోటు వదలాలి, సగం కాలిన మంట చల్లని మూసకు తగలకూడదు. తగిలితే అక్కడే చల్లారి, మసినీ విషవాయువునూ వదులుతుంది. వంటింట్లోనూ అంతే. గిన్నె బర్నరుకు మరీ దగ్గరైతే విషవాయువు పెరుగుతుంది, మరీ ఎత్తైతే వేడి వృథా అవుతుంది. ఆ ఎత్తును నిర్ణయించి స్టవ్వు కాళ్లను తయారు చేస్తారు. ఆ కాళ్లు తీసివేసి వేరే రింగులు పెట్టడం, చిన్న బర్నరును పూర్తిగా కప్పివేసే వెడల్పాటి గుండిగ పెట్టడం మంచిది కాదు.

చిన్న మంటే గొప్ప

ఇప్పుడు కషాయం సంగతి. ఒక పాలు మూలికకు పదహారు పాళ్ల నీరు పోసి, మృద్వగ్ని మీద, ఎనిమిదవ వంతు మిగిలేదాకా కాచాలని శార్ఙ్గధర సంహిత చెబుతుంది. మూత పెట్టకుండా కాచడం సంప్రదాయం. తైలానికి సామాన్య నియమం కల్కం ఒక పాలు, నూనె నాలుగు, ద్రవం పదహారు. నురుగు పైకి వచ్చి, కల్కం వేళ్ల మధ్య వత్తిలా చుట్టుకునేదాకా ఓపికతో సన్నసెగ మీద కాయాలి. మాడిన తైలం పనికిరాదు. పూర్వం పల్లెల్లో పాలకుండ పిడకల దాలిలో ఉదయం నుండి సాయంత్రం దాకా పొంగకుండా కాగేది. మృద్వగ్ని అంటే అది.

దాలి స్థానంలో మనకు ఇప్పుడున్నది సిమ్. కానీ అంగళ్లలో స్టవ్వును పెద్ద మంట చూపించి అమ్ముతారు. మనమూ దానినే చూసి కొంటాము. కనిష్ఠ మంట ఎంత నిలకడగా ఉంటుందో అడిగేవారు అరుదు. పెద్ద బర్నరును మరీ తగ్గిస్తే మంట చిన్న గాలికే ఆరిపోతుంది. ఆరిన తరువాత గ్యాసు వస్తూనే ఉంటుంది. స్టవ్వు గొప్పతనాన్ని దాని పెద్ద మంటతో కాక, చిన్న మంటతో కొలవాలని నా నిశ్చితాభిప్రాయం. కొనేముందు చిన్న బర్నరును సిమ్‌లో వెలిగించమని అడగండి. దగ్గరలోని తలుపు ఒకసారి తెరిచి మూయండి. అయినా ఆరకుండా, పచ్చబడకుండా నిలిచిందా? అది కషాయానికి తగిన పొయ్యి. మంట ఆరితే గ్యాసును తానే ఆపివేసే కవాటం ఉన్నవి దొరికితే మరీ మంచిది. భారత ప్రమాణాల ప్రకారం సిలిండరు గ్యాసు స్టవ్వుకు కనీసం 68 శాతం ఉష్ణసామర్థ్యం ఉండాలి, ఐ.ఎస్.ఐ. ముద్ర లేనిదానిని చవక అని కొనకండి.

మంట నాడి చూడడం

వైద్యులు జఠరాగ్నిని నాలుగు విధాలుగా చెబుతారు. పోలికకు మాత్రమే ఆ పేర్లు వాడుకుంటాను. నీలంగా, నిశ్శబ్దంగా, అన్ని రంధ్రాలలోనూ సమానంగా ఉండేది సమాగ్ని. కొన్ని రంధ్రాలలో వెలిగి కొన్నింటిలో వెలగనిది విషమాగ్ని. పొంగిన పాలు, పప్పు రంధ్రాలను మూసివేశాయన్నమాట. బుసకొడుతూ రంధ్రాలను విడిచి ఎగిరేది తీక్ష్ణాగ్ని. పచ్చగా, సోమరిగా నాలుకలు చాపి మసి పట్టించేది మందాగ్ని. అన్నింటిలో ప్రమాదకరమైనది ఇదే. ఉప్పునీరు పొంగినప్పుడు క్షణకాలం మెరిసే పసుపురంగు సోడియానిది, దానికి భయం లేదు. విడవకుండా పచ్చగా ఉంటేనే భయపడాలి.

చేయవలసింది స్వల్పం. స్టవ్వు పూర్తిగా చల్లారాక బర్నరు మూతలను వారానికొకసారి వేడినీటిలో సబ్బుతో కడిగి, రంధ్రాలను మెత్తని బ్రష్షుతో శుభ్రం చేసి, బాగా ఆరబెట్టి పెట్టండి. జెట్టు రంధ్రంలో సూది పొడవకండి, అది వెడల్పవుతుంది. పైపు గ్యాసు నుండి సిలిండరుకు గాని, సిలిండరు నుండి పైపుకు గాని మారినప్పుడు తెలిసిన పనివానితో జెట్లు మార్పించండి. కిటికీ తెరిచి వండండి. స్నానాల గదిలో గ్యాసు గీజరున్నవారికి ఈ హెచ్చరిక రెట్టింపు వర్తిస్తుంది. పొయ్యి దగ్గర తల తిరిగినా, వికారం కలిగినా గ్యాసు ఆపి వెంటనే ఆరుబయటికి రండి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఇక్కడ గృహవైద్యం పనికిరాదు.

నేను కట్టెల పొయ్యికి తిరిగి వెళ్లమని చెప్పడం లేదు. ఆ పొగలో మా అమ్మగారి కళ్లు మండిన రోజులు నాకు గుర్తున్నాయి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం ఎన్నో ఇళ్లకు గ్యాసును చేర్చాయి. అది మేలైన మార్పు. గ్యాసు ఇచ్చిన చేతులే మంటను చూసే పద్ధతిని కూడా నేర్పితే ఆ మేలు పూర్తవుతుందని నా విన్నపం. పనివాడు కొత్త స్టవ్వు తగిలించి వెళ్లేముందు ఇల్లాలిని పిలిచి, "అమ్మా, మంట ఈ రంగులో ఉండాలి, ఇలా మారితే పిలవండి" అని ఒక్క మాట చెబితే చాలు.

ఈ సంచిక చదివి ఏదో ఒక కషాయం కాయబోయే పాఠకులారా, మూలికలు తూకం వేసే ముందు స్టవ్వు వెలిగించి, ఒక్క నిమిషం వంగి మంటను చూడండి.