పింఛనుతో తీరని ఋణము

వికలాంగునకు నెలనెలా పింఛను ముట్టినచో సమాజము తన ఋణము తీర్చుకొన్నట్లే యనియు, ఎండయు ముండ్లును నిండిన రాయలసీమ నేలలో కాలు లేనివానిని, చూపు లేనివానిని తోటపనికి పిలుచుట కరుణలేనివారి చేష్ట యనియు వాదించువారు మన నడుమ పెక్కుమంది కలరు. వీరు దుష్టులు కారు. బిడ్డకు ఎండ పొడ తగులనీయక సాకుచున్న తల్లిదండ్రులు, పంచాయతి పెద్దలు, మంచి మనసు గల ఉద్యోగులును వీరిలో నున్నారు. కావుననే ఈ అభిప్రాయము మిక్కిలి అపాయకరమైనది. నిషేధము దయారూపమున వచ్చినప్పుడు దానిని ఎదిరించుటకు బాధితునకు నోరు రాదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జూలై నుండి వికలాంగుల పింఛనును మూడువేల రూపాయల నుండి ఆరువేలకు పెంచినది. అది న్యాయమైన పెంపు. ఒక్క రూపాయి తగ్గింపవలెనని నేననను. కాని ఆ సొమ్ముతో బియ్యము వచ్చును, మందులు వచ్చును. తెల్లవారగనే లేచి పోదగిన తావు రాదు, పదిమందితో కలిసి చేయు పని రాదు, ఈ చెట్టు నా చేతిదని చెప్పుకొను హక్కు రాదు.

రాయలసీమలోని గనుల ఊరు మంగంపేట సంగతియే చూతము. ఒక్కచోట నిక్షిప్తమైన ముగ్గురాయి (బెరైటీస్) ప్రపంచమున మరెక్కడను ఇంత లేదని ప్రసిద్ధి. ఈ రాయి మిల్లులలో పొడియై, నూనెబావులు తవ్వు దేశములకు ఓడలెక్కి పోవుచున్నది. ఊరికి మిగులునవి మట్టిదిబ్బలును, ఆకులపై పేరుకొను తెల్లని దుమ్మును. ఐనను ఆ చేరువనే రైల్వేకోడూరు మామిడి, అరటి, బొప్పాయి తోటలున్నవి. అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల యున్నది. గనిలో బరువు మోయలేనివానికి ఈ తోటల లోకమునను చోటు లేదనువారు ఒక్కమారు మామిడి అంటు కట్టు విధము దగ్గర కూర్చుండి చూడవలెను.

టెంక మొలిచి, చిగురు ఇంకను రాగిరంగు వీడని లేత మొక్కను తీసికొందురు. దాని తల కోసి, కాండమును నడుమకు నిలువున చీల్చుదురు. మేలురకపు చెట్టునుండి తెచ్చిన పుల్లను రెండు వైపుల చెక్కి, మొన తేర్చి, ఆ చీలికలో దింపి, గాలి చొరకుండ పాలిథిన్ పట్టీతో బిగించి చుట్టుదురు. ఇదంతయు కూర్చుండి చేయు పని. దీనికి కావలసినది వ్రేళ్ళ నేర్పు, పదునైన కత్తి, ఓర్పు. కాళ్ళ బలముతో నిమిత్తము లేదు. ఎఱ్ఱమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి సంచులు నింపుటయు, విత్తు పెట్టుటయు చూపులేనివారు స్పర్శతోనే చేయగలరు. అందరును అన్ని పనులు చేయగలరని నేననుటలేదు. కన్నును కాలును గలవారు మాత్రము అన్నియు చేయుచున్నారా?

అసలు అడ్డు మనిషిలో కాదు, తోటకు పోవు దారిలో నున్నది. మూడుచక్రాల బండి పోవుటకు నాలుగైదు అడుగుల వెడల్పున గట్టిపరచిన బాట, కూర్చున్నవాని చేతికందునట్లు రెండు రెండున్నర అడుగుల ఎత్తున కట్టిన మడి, దారి తెలియుటకు నడుమెత్తున కట్టిన త్రాడు, వాసనతో మలుపు తెలియుటకు మరువము, దవనము, కరివేపాకు, బిందెలు మోయకుండ డ్రిప్పు గొట్టము: ఇవి కోట్లతో పనిబడు కట్టడములు కావు. ఎండ మాటకు సమాధానము సులభము. ఈ సీమ రైతు మిట్టమధ్యాహ్నము పొలమున నిలువడు. చల్లపూట పోయి చల్లపూట వచ్చును. వికలాంగుడును అట్లే పోయివచ్చును.

ఇది ఊహామాత్రము కాదు. బెంగుళూరులో, స్వయముగా వికలాంగురాలైన ఎన్.ఎస్. హేమ 1959లో నెలకొల్పిన అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ సంస్థ వికలాంగులకు ఉద్యానవిద్య నేర్పి ఉపాధి చూపుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ పథకము క్రింద వికలాంగులకు వేరుగా శ్రమశక్తి సంఘములు ఏర్పరచి, ముప్పది శాతము తక్కువ కొలతకు పూర్తి కూలి యిచ్చు ఏర్పాటు చేసిరి. పని మనిషికి తగినట్లు మారగలదని ప్రభుత్వమే నాడు అంగీకరించినది గదా!

తోట వారి మనసునకు ఊరట, కాలక్షేపము, అంతకుమించి ఎందుకనువారు మరికొందరు. ఊరట అందరికిని కావలసినదే. ఐతే ఆ తోటలో పండినది ఎవరిదను ప్రశ్నను వీరు దాటవేయుచున్నారు. సెంటు భూమి లేని దళితవాడలో పుట్టిన వికలాంగురాలికి అంగవైకల్యముకంటె భూమిలేమియే పెద్ద సంకెల. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు బీడులను సాగుచేసి, తమ విత్తనములను తామే కాపాడుకొని నిలిచినది ఊరటకొఱకు కాదు.

చట్టము ఈ సంగతిని ఎఱిగియే యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 37వ సెక్షనున, వ్యవసాయభూముల కేటాయింపులో ఐదు శాతము వారికి విధించి, అందు స్త్రీలకు ప్రాధాన్యము చెప్పినది. గనులచే నష్టపడిన ఊళ్ళకై 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజనిధి నియమములు వృద్ధుల, వికలాంగుల సంక్షేమమును ప్రాధాన్యరంగములలో చేర్చినవి. మంగంపేట వంటి ఊరికి ఈ రెండును వర్తించును.

కాబట్టి ఆ ప్రాంతపు చదువరులకు నా విన్నపమిది. వచ్చు గ్రామసభలో లేచి నిలిచి, నిలువలేనివారు కూర్చుండియే, రెండు ప్రశ్నలు అడుగుడు: మన మండలమున పంచిన భూమిలో వికలాంగుల ఐదు శాతము ఎక్కడ? ఖనిజనిధిలో వారి నర్సరీకి, వారి బాటకు ఎంత కేటాయించితిరి? సమాధానము వ్రాతమూలకముగా ఇమ్మనుడు.